స్ప్రూస్ లేన్‌లో ఒడీల్ వేసిన రంగు

ఒడీల్ వెలెట్‌కి కోపం వస్తే అరవదు, గిన్నెలు తోముతుంది. మే నెలలో ఆ ఉదయం కోల్టన్ వచ్చి వెళ్ళాక ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్ళీ తోమింది, చివరికి గ్యాసు పొయ్యి మీటలు కూడా ఊడబీకి తోమింది. అప్పటికీ చల్లారక వాకిట్లోకొచ్చి తన ఇంటిని తనే ఎగాదిగా చూసుకుంది.

కోల్టన్ అంటే మా స్ప్రూస్ లేన్ మీదికి కొత్తగా వచ్చిపడిన మేనేజరు. ముప్ఫై కూడా నిండని కుర్రాడు. బూట్లకి బురద అంటకుండా నడవాలని చూస్తాడు. మంచు కరిగే రోజుల్లో మా నది పక్కన అది ఎవరి తరం? ఇక్కడ అందరివీ ట్రైలర్ ఇళ్ళే, లారీకి కట్టి లాక్కొచ్చి దింపిన రేకు ఇళ్ళు. ఇల్లు మనది, కింద నేల ఇంకొకరిది, నెలనెలా నేలకి అద్దె కట్టుకుంటాం. ముసలి డ్యూమాంట్ ఉన్నన్నాళ్ళూ అద్దె చేతికిస్తే చాలు, ఇంటి మీద కాకులు గూళ్ళు కట్టినా అడిగేవాడు కాదు. ఆయన పోయాక పిల్లలు నేలంతా ఎక్కడో దక్షిణాన ఉన్న కంపెనీకి అమ్మేశారు. ఆ కంపెనీ పంపిన మనిషి ఈ కోల్టన్.

మర్యాదగానే చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "మేడమ్, మీ ఇల్లు లేన్ మొత్తానికీ మచ్చలా ఉందండీ. సెప్టెంబరులో వచ్చి చూస్తాను. గోడల రేకులు శుభ్రంగా ఒకే రంగులో ఉండాలి. ఇంటి అడుగున ఖాళీ కనపడకుండా చుట్టూ మరుగు కట్టాలి. మెట్లు గట్టిగా ఉండాలి. ఇరుపక్కల ఇళ్ళతో కలిసిపోయేలా ఉండాలి. ఈ నాలుగూ లేకపోతే మీకు నేల ఇక అద్దెకివ్వడం కుదరదు."

"ఇవ్వకపోతే నేనేం చెయ్యాలి బాబూ?"

"ఇల్లు మీదే కదండీ. తీసుకెళ్ళిపోవచ్చు."

తీసుకెళ్ళిపోవడమట. ఆ ఇల్లు అక్కడ దిగిననాటికే పాతది. కింద ఇరుసులు తుప్పు పట్టి పొడిపొడి అయ్యాయి. లారీకి కట్టి లాగితే రోడ్డెక్కకముందే నడుం విరిగి కూలబడుతుంది. ఆ సంగతి ఒడీల్‌కీ తెలుసు, కోల్టన్‌కీ తెలుసు. అందుకే అంత తీయగా చెప్పాడు. నేల పోతే ఇల్లు పోయినట్టే, ఇల్లు పోతే ఆవిడకి ఈ భూమ్మీద ఇంకేమీ లేదు.

ఆ ఇల్లు ఆవిడ ఎలా సంపాదించిందో చెప్పకపోతే ఈ కోపం అర్థం కాదు. బంగాళాదుంపల రైతు ఇంట్లో బోలెడుమంది పిల్లల మధ్యలో పుట్టింది. పెళ్ళీడు దాటేదాకా ఒక మంచం తనదని పడుకున్నది లేదు, ఇద్దరు చెల్లెళ్ళ మోచేతుల మధ్యే నిద్ర. తర్వాత ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్యాక్టరీలో చేరింది. కదిలే బెల్టు ముందు నిలబడి, నల్లమచ్చ ఉన్న ముక్కని ఏరి పారెయ్యడం ఆవిడ పని. జీవితమంతా మచ్చలేరిన మనిషిని పట్టుకుని ఆ కుర్రాడు నీ ఇల్లే మచ్చ అన్నాడు, చూడండి. ఆ జీతంలోంచే కూడబెట్టి, పెళ్ళీ పెటాకులూ లేకుండా, ఎవరినీ సంతకం అడక్కుండా ఈ ట్రైలర్ కొనుక్కుంది. "ఆడది ఒంటరిగా రేకుడబ్బాలో కాపరమా?" అని వాళ్ళన్నయ్య నార్మాండ్ ఊరంతటినీ నవ్వించాడు. తర్వాత పొలం మునిగిపోయి, ఆ నార్మాండే పెళ్ళాం కొలెట్‌ని వెంటబెట్టుకుని వచ్చి చెల్లెలి పక్కనే ఇంకో రేకుడబ్బా కొనుక్కున్నాడు. ఒడీల్ ఒక్క మాట అనలేదు. అనాలని నాలుక దురద పెట్టినా అనలేదు.

ఇప్పుడు నార్మాండ్ లేడు. కుడిపక్క ఇంట్లో వదిన కొలెట్ ఒక్కతే. మొగుడి బీమా డబ్బుతో ఇంటికి తెల్లని ప్లాస్టిక్ పలకలు వేయించుకుంది, వారానికోసారి గొట్టంతో కడుగుతుంది. అన్నీ కొత్తవే కొంటుంది, ఆ మాట అందరికీ చెబుతుంది కూడా. ఎడమపక్క రేయాల్ గానియోన్ ఉంటాడు. దుంగల లారీ నడిపి నడిపి నడుం వంగిన బ్రహ్మచారి, నోరు మాత్రం వంగలేదు. లేన్‌లో మేమంతా ఇళ్ళల్లో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళమే, ఫ్రెంచిలో తిట్టుకుంటాం, మేనేజరు కనిపిస్తే ఇంగ్లీషులో నవ్వుతాం.

ఒడీల్ కూడా పలకలు వేసే మేస్త్రీని పిలిచి ధర అడిగింది. ఆ అంకె విని ఆయనకి కాఫీ కూడా పొయ్యకుండా సాగనంపింది.

"వృద్ధుల అపార్ట్‌మెంట్లున్నాయి కదమ్మా ఊళ్ళో," అన్నాడు రేయాల్ కంచె అవతలినుంచి. "లిఫ్టు ఉంది. హీటరు వాళ్ళే చూసుకుంటారు. ఈ వయసులో నీకెందుకీ రేకులతో కుస్తీ?"

"నువ్వెళ్ళు ముందు. నీకు సర్దుకోవడానికి రెండు చొక్కాలేగా. నేను చచ్చేదాకా ఇక్కడినుంచి కదలను."

"నేను నీ మంచికే చెప్పాను."

"నా మంచి నాకు తెలుసులేవయ్యా."

తర్వాత ఒక వారం ఒడీల్ సుత్తి ముట్టుకోలేదు, బ్రష్షు ముట్టుకోలేదు. మడత కుర్చీ వేసుకుని ఇంటి ముందు కూర్చుంది. పొద్దున ఒక మూల, మధ్యాహ్నం ఇంకో మూల, సాయంత్రం రోడ్డవతల. కొలెట్ బట్టలు ఆరేస్తూ చూసి, "చూపులతోనే బాగైపోతుందేమిటే ఇల్లు?" అంది.

"చూడకుండా కొంటే డబ్బు పోతుంది వదినా."

ఫ్యాక్టరీలో నేర్చుకున్న పని అది. దుంపంతా పారెయ్యరు, మచ్చున్నంత వరకే పారేస్తారు. అలా చూడగా చూడగా అసలు పాడైనవి కొన్నే అని తేలింది. కిటికీల కింద తుప్పు చారలు, అడుగున ఊడిపోయిన మరుగు, ఊగే మెట్లు, ఎండకి వెలిసిపోయిన రేకు. కిటికీలు బాగున్నాయి, కప్పు బాగుంది, వాటి జోలికి పోనక్కర్లేదు. ఫ్రిజ్‌లొచ్చే అట్టపెట్టెలు తెచ్చి, కోసి, ఇంటి అడుగు చుట్టూ టేపుతో అతికించింది. చెక్క నిలువుగా బాగుంటుందా, అడ్డంగానా, ఎంత ఎత్తు, ఎక్కడ గాలి కన్నాలు వదలాలి, అన్నీ ఆ అట్టల మీదే తేల్చుకుంది. గాలి ఆడకపోతే చలికాలం దాటేసరికి నేలచెక్క కుళ్ళిపోతుంది, అది మర్చిపోయి మొత్తం బిగించేసిన వాళ్ళు మా లేన్‌లోనే ఉన్నారు. వానొచ్చి అట్టలు తడిసి ముద్దయ్యాయి. అప్పటికి వాటి పని అయిపోయింది కాబట్టి ఆవిడేమీ బాధపడలేదు.

చెక్క ఫ్యాక్టరీ వెనకనుంచి వచ్చింది. సామాన్లు పేర్చే చెక్క బల్లలు విరిగితే అక్కడ గుట్టపోస్తారు. వాటి మేకులు పీకి, పలకలు విడదీసి, ఒకే పొడవుకి కోసుకుంది. మెట్లకి మాత్రం కోత మిల్లులో దేవదారు కొంది, కాలు పెట్టే చోట పిసినారితనం పనికిరాదని. ఎండలో మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క పలకా బిగించింది. రేయాల్ వచ్చి పక్కనే నిలబడి వంకరగా ఉందన్నాడు. వంకరగానే ఉంది. విప్పి మళ్ళీ బిగించింది, అతనికి మాత్రం థాంక్స్ చెప్పలేదు.

ఇక రంగు. రంగు దగ్గరే అసలు కథంతా జరిగింది.

ఊరి చెత్త డిపోలో ఒక పక్కన చిన్న కొట్టం ఉంది. ఇంకా పనికొస్తాయనుకున్నవి పారెయ్యకుండా అక్కడ పెట్టిపోతారు, కావలసినవాళ్ళు ఊరికే పట్టుకుపోతారు. మేం దాన్ని షాపింగ్ మాల్ అంటాం. కుర్చీలు, దీపాలు, తలుపు పిడులు, సగం వాడిన పెయింటు డబ్బాలు, ఏది కావాలంటే అది. దానికో మర్యాద ఉంది. ఎవరింట్లోనైనా నీ పాత కుర్చీ కనిపిస్తే, ఇది మాదే కదా అనకూడదు. కూర్చుని, కాఫీ తాగి, చక్కా లేచి రావాలి. ఆ మాట అన్నవాడితో మా ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. కొలెట్ మాత్రం ఆ కొట్టం గడప ఎప్పుడూ తొక్కలేదనీ, చెత్తలో చెయ్యి పెట్టే అలవాటు తమ పుట్టింట్లో లేదనీ చెప్పుకునేది.

ఒడీల్ శనివారం శనివారం వెళ్ళి బయటి గోడలకి వాడే నీటి పెయింటు డబ్బాలు మాత్రమే ఏరింది. నూనె పెయింటు కలిస్తే మొత్తం విరిగిపోతుంది. ఒక్కో డబ్బాలో ఉండేది అడుగు బొడుగు. ఒక్క రంగు ఇంటికంతటికీ చాలదు కాబట్టి అన్నిటినీ పెద్ద డ్రమ్ములో పోసి కలిపెయ్యాలి, అప్పుడు మొదటి గోడకీ చివరి గోడకీ తేడా రాదు. గడ్డలు కట్టిన పెయింటుని పాత మేజోళ్ళలోంచి వడకట్టి పోసింది. కలపడానికి రేయాల్ తన పడవ తెడ్డు ఇచ్చాడు, ఇస్తూ తెడ్డు పాడైతే ఊరుకోనన్నాడు.

జులై వచ్చేసరికి డ్రమ్ములో చక్కటి బూడిదాకుపచ్చ తయారైంది. నది అవతలి కొండలు చినుకుల్లో ఉండే రంగు. రేయాల్ అంతటివాడు కూడా "ఇక చాలమ్మా, చాలినంత ఉంది, మూత పెట్టు," అన్నాడు.

మూత పెట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ ఊరికే వచ్చినదాన్ని వదిలేసి రావడం మావాళ్ళ ఒంట్లో లేదు. ఆ తర్వాతి శనివారం కొట్టంలో నిండు డబ్బాలు కనిపించాయి. ఎవరో వరండాకి కొని నచ్చక పడేసిన నారింజ రంగు, చర్చి హాలుకి మిగిలిన గోధుమ రంగు. నిండు డబ్బా చూసి కూడా చేతులూపుకుంటూ ఎలా వస్తుంది? ఒక్క చుక్కతో ఏమవుతుందిలే అని పోసింది. రెండోది పోసింది. రంగు మారిందని ఇంకోటి పోసి సరిచెయ్యబోయింది. చివరికి డ్రమ్ము అంచుదాకా నిండింది, లోపల ఎండుబఠాణీల సూపు తిరుగుతోంది. అడుగంటిన సూపు.

ఒడీల్ తెడ్డు కిందపెట్టి డ్రమ్ము పక్కనే నేలమీద కూర్చుండిపోయింది. కళ్ళనీళ్ళు కారాయి. వేసవంతా మోసిన డబ్బాలు, వడకట్టిన మేజోళ్ళు, పీకిన మేకులు అన్నీ గుర్తొచ్చాయి. కొత్తగా కొనడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ కుర్రాడి ముందు ఓడిపోయానన్న బాధకన్నా, తన చేతులతో తనే పాడుచేసుకున్నానన్న బాధ ఎక్కువైంది.

రేయాల్ వచ్చి డ్రమ్ములోకి తొంగిచూశాడు. తెడ్డు తీసి ఒకసారి తిప్పి చూశాడు.

"ఏడ్చినట్టుంది," అన్నాడు చివరికి.

"ఏడ్చినా గోడకి అంటుకుంటుంది."

"ఇది పూస్తావా?"

"పూస్తాను. రంగు ఒకటే ఉండాలన్నాడు. ఏ రంగో చెప్పలేదు."

రేకు మీద పట్టిన తెల్లని పొడి వేలికి అంటకుండా పోయేదాకా సబ్బునీళ్ళతో కడిగింది. తుప్పు గీకి, అది మళ్ళీ పట్టకుండా ముందొక అడుగుపూత పూసింది. ఆగస్టు ఎండల్లో, గోడ మీద నీడ పడే వేళ చూసుకుని, ఇల్లు చుట్టూ తిరుగుతూ రంగు వేసింది. ఆరాక చూస్తే, చిత్రం, డ్రమ్ములో ఉన్నంత ఘోరంగా లేదు. బాగుందని కూడా అనలేం. కిటికీల చుట్టూ తెల్లంచు దిద్దాక, దేవదారు మెట్లు కుదిరాక, ఇల్లు నడుం నిటారు చేసి నిలబడినట్టు కనిపించింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు బండి ఆపి చూసి వెళ్ళేవాళ్ళు. కొందరు నవ్వుకుంటూ వెళ్ళారు. డ్రమ్ములో ఇంకా సగం మిగిలే ఉంది.

సెప్టెంబరులో, ఊళ్ళో దుంపల తవ్వకం మొదలవుతుండగా కోల్టన్ వచ్చాడు. మెట్లెక్కి గట్టిగా తొక్కి చూశాడు. వంగి అడుగు మరుగు చూశాడు, గాలి కన్నాలు కూడా చూశాడు. గోడ మీద చెయ్యేసి రుద్ది చూశాడు. అతని ముఖం కొంచెం వాడింది. ఆవిడ చెయ్యదనే ధైర్యంతో వచ్చాడు కదా.

"పని బాగానే ఉందండీ," అన్నాడు. "కానీ చుట్టుపక్కల ఇళ్ళతో కలవాలన్నానుగా. అటు నీలం, ఇటు తెలుపు. మధ్యలో మీదొక్కటే ఇలా... ఇది ఎవరితోనూ కలవట్లేదు. వచ్చే సోమవారం దాకా టైమిస్తాను. మార్చెయ్యండి."

"మార్చను."

"మేడమ్..."

"మార్చనన్నాను బాబూ. శుభ్రంగా ఉందా? ఉంది. ఒకే రంగుందా? ఉంది. నా చేతులు చూడు. ఇక నీ కంపెనీ వాళ్ళు నన్ను మోసుకెళ్ళాల్సిందే."

"మోసుకెళ్ళాల్సిన అవసరం రాదనుకుంటానండీ," అన్నాడు అతను, అదే మర్యాదతో.

రేయాల్ ఇదంతా తన వాకిట్లోంచి విన్నాడు. మర్నాడు ఒడీల్ లేచి తలుపు తీసేసరికి, అతను డ్రమ్ములోంచి బకెట్టుతో రంగు తోడుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"కలవాలన్నాడుగా. నువ్వు మార్చనన్నావు. మరి ఎవరో ఒకరు మార్చాలి కదా. నా నీలం ఎలాగూ వెలిసిపోయింది." అని నిచ్చెన భుజానేసుకుని, "చూడ్డానికి ఏడ్చినట్టే ఉంటుందిలే, నా ముఖానికి సరిపోతుంది," అన్నాడు.

ఒడీల్ కూడా బ్రష్షు తీసుకుని వెళ్ళింది, అతను పూసినచోట కారిన చారలు దిద్దడానికి. దిద్దుతూనే కుడిపక్క చూసింది. తెల్లగా, పాలతో కడిగినట్టు కొలెట్ ఇల్లు. కోల్టన్ ఇరుపక్కలా అన్నాడు. రేయాల్ ఒక్కడూ చాలడు. వదినని అడగడం ఒడీల్ వల్ల కాదు. అన్న వదిలిపోయిన ఆఖరి డబ్బుతో వేయించుకున్న పలకల మీద చెత్త డిపో రంగు పుయ్యమని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఆ వదిన కూడా కిటికీ తెర సందులోంచి చూసింది తప్ప బయటికి రాలేదు.

శుక్రవారం కోల్టన్ ఇంకో ఇంటి పని మీద వచ్చి, రేయాల్ ఇల్లు చూసి ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపుకుంటూ కొలెట్ వరండా ఎక్కాడు. ఒడీల్ తన మెట్ల మీద బ్రష్షులు కడుగుతోంది. రెండిళ్ళ మధ్య ఒక బండి పట్టే జాగా, ప్రతి మాటా వినిపిస్తుంది.

"మీలాంటి వాళ్ళుంటే ఈ పార్కు బాగుపడుతుందండీ," అంటున్నాడు కోల్టన్. "మీరేం కంగారుపడకండి. మెల్లమెల్లగా ఆ రకం వాళ్ళందర్నీ పంపించేస్తాం."

"ఏ రకం బాబూ?"

"అదే, మీకు తెలుసుగా. చెత్త ఏరుకొచ్చి బతికే రకం."

కొలెట్ తలుపు పిడి మీద చెయ్యేసింది. "వెళ్ళిరా బాబూ, పొయ్యి మీద బీన్స్ ఉన్నాయి," అని తలుపేసుకుంది. ఒడీల్ బ్రష్షులు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళి, తోమిన గిన్నెలన్నీ మళ్ళీ సింకులో పడేసుకుంది.

శనివారం పొద్దున తలుపు మీద దబదబమని కొట్టారు. తీస్తే కొలెట్. తలకి గుడ్డ, నార్మాండ్ పాత ప్యాంటు, చేతిలో గోడ మీద దొర్లించే గొట్టపు బ్రష్షు. అది కూడా కొత్తదే, ధర చీటీ ఇంకా వేలాడుతోంది.

"ప్లాస్టిక్ మీద నిలుస్తుందా ఇది?" అంది, పలకరింపూ పాడూ లేకుండా.

"కడిగి, కాస్త గరుకుపెడితే నిలుస్తుంది. వదినా, వద్దు. అన్నయ్య డబ్బుతో వేయించినవి అవి."

"మీ అన్నయ్య ఆ కుర్రాడి మాట విని ఉంటే మెట్ల మీదినుంచి తోసేసేవాడు. నేను ఆడదాన్ని కాబట్టి బీన్స్ ఉన్నాయన్నాను." కొలెట్ బ్రష్షుకున్న ధర చీటీ పుటుక్కున తెంపి పారేసింది. "చెత్త ఏరుకునే రకమట. ఆ డ్రమ్ములో మా పడగ్గది గులాబీ రంగు రెండు డబ్బాలుంది. నేనే వెళ్ళి ఆ కొట్టంలో పెట్టొచ్చాను. వస్తూ వస్తూ బల్ల దీపం ఒకటి తెచ్చుకున్నాను కూడా. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడల్లా దాని పక్కనే కూర్చుని కాఫీ తాగావు, అది ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు."

ఒడీల్‌కి ఆ దీపం తెలుసు. దాన్ని కొట్టంలో పెట్టొచ్చింది తనే. అప్పుడు అనలేదు, ఇప్పుడూ అనలేదు. "రా వదినా, ముందు తెడ్డుతో అడుగుదాకా కలపాలి," అంది.

ఇద్దరూ కలిసి తోమారు, గరుకుపెట్టారు, పూశారు. మధ్యలో పోట్లాడుకున్నారు, అంచుల దగ్గర టేపు వెయ్యాలా వద్దా అని. రేయాల్ ఎండలో కుర్చీ వేసుకుని ఇద్దరికీ తప్పులు చూపించాడు. భోజనానికి కొలెట్ బీన్స్, ఒడీల్ కాల్చిన ప్లోయ్ అనే పల్చటి రొట్టెలు. ఆదివారం చర్చిలో పూజకి ముగ్గురూ గోళ్ళలో బఠాణీ రంగుతోనే వెళ్ళారు. అప్పటికి డ్రమ్ము అడుగు కనిపించింది.

సోమవారం కోల్టన్ వచ్చి బండి దిగి నిలబడ్డాడు. ఎడమపక్క చూశాడు, కుడిపక్క చూశాడు, మధ్యలో చూశాడు. మూడిళ్ళూ ఒకే రంగు, అదే ఏడ్చినట్టున్న రంగు. మూడు వాకిళ్ళలో ముగ్గురు నిలబడి ఉన్నారు, ఎవరూ నవ్వడం లేదు.

"ఇప్పుడు చెప్పు బాబూ," అంది ఒడీల్. "ఏది కలవలేదు?"

అతను కొలెట్ వైపు చూశాడు, సాయం అడుగుతున్నట్టు. కొలెట్ చేతులు కట్టుకుని, "నేను కూడా ఆ రకమే," అంది.

కోల్టన్ చేతిలో ఉన్న ట్యాబ్ మీద ఏదో నొక్కాడు. ఒక్కొక్క అంశం దగ్గరా ఆగుతూ, నాలుగో దాని దగ్గర చాలాసేపు ఆగి, చివరికి నొక్కాడు. "ఈ ఏడాదికి మీకు నేల అద్దె పొడిగిస్తున్నామండీ," అన్నాడు. తర్వాత అతనికి కూడా కోపమొచ్చింది, మర్యాద కాస్త జారింది. "కానీ వచ్చే ఏడాది నిబంధనలు మారతాయి. కంపెనీ ఇంకా గట్టివి పెడుతుంది. అది గుర్తుపెట్టుకోండి."

ఒడీల్ మెట్టు మీద కూర్చుంది. ఆ మెట్టు కదల్లేదు. నెలల తరబడి గుండెల్లో పట్టుకుని ఉన్నదేదో వదిలింది, దాని వెనకే ఒళ్ళంతా నొప్పులు తెలిశాయి.

"పెట్టమను," అంది. "అవేమిటో మంచు పడకముందే చెప్పు. చలికాలమంతా కూర్చుని ఆలోచించుకుంటాను."